పుట్టమన్ను కోర్టు

ఆ డిసెంబరులో, అంటే అక్కడ నడివేసవిలో, మేము బిల్గారా స్టేషన్లో దిగేసరికి ప్లాట్‌ఫాం మీద మా మామయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు. నా భర్త లెస్టర్ పాస్కో మొదటిసారి ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఇదే ప్లాట్‌ఫాం మీద బ్యాండు వాయించారట. బడిపిల్లల చేత జెండాలు ఊపించారట. ఇప్పుడు బ్యాండూ లేదు, జెండాలూ లేవు. ఈగలు మాత్రం ఎదురొచ్చాయి.

మామయ్య కొడుకుతో చేయి కలిపి, నా చేతిలోని పెట్టె అందుకున్నాడు. లెస్టర్ ఎడమ భుజాన వేలాడుతున్న రాకెట్ల సంచీ వంక కాసేపు చూశాడు.

"అది ఇంట్లోకి తేవద్దు. కొట్టంలో పెట్టు" అన్నాడు.

మూడేళ్ళ తర్వాత కలిసిన కొడుకుతో ఆయన అన్న మొదటి మాట అది.

"ఏం నాన్నా, కరుస్తాయా?" అన్నాడు లెస్టర్.

ఆయన నవ్వలేదు. నవ్వే మనిషి కాడని నాకు పెళ్ళినాడే అర్థమైంది. నేను వెనకాల నడుస్తూ, ఈ ఎండలో ఈ మనిషితో ఎన్నాళ్ళు వేగాలిరా దేవుడా అనుకున్నాను.

ఆ రోజుల సంగతి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. అప్పట్లో టెన్నిస్ ఆడేవాళ్ళు రెండు రకాలు. డబ్బు పుచ్చుకోకుండా ఆడేవాళ్ళు అమెచ్యూర్లు. పెద్ద పోటీలూ కప్పులూ పేపర్లో ఫోటోలూ అన్నీ వాళ్ళవే. డబ్బు పుచ్చుకుని ఆడేవాళ్ళు ప్రొఫెషనల్స్. అటు వెళ్ళినవాడిని మళ్ళీ ఇటు రానివ్వరు. వాడితో జనం ముందు, వసూళ్ళు పెట్టి ఆడినవాడికి కూడా ఆ మైల అంటుకుంటుంది. అమెచ్యూర్లు డబ్బు ముట్టరన్నది పైకి చెప్పుకునే మాటే లెండి. పెళ్ళికి ముందు నేను బ్రిస్బేన్‌లో రాకెట్లు చేసే ఒక కంపెనీలో టైపిస్టుని. లెస్టర్‌కి అక్కడే అమ్మకాల ఉద్యోగం. అతను ఒక్క రాకెట్ అమ్మగా నేను చూడలేదు, జీతం ఒక్క నెల ఆగడమూ చూడలేదు. అయినా అది తప్పు కాదు. ఆటకి ఇంత అని బాహాటంగా పుచ్చుకోవడమే తప్పు.

లెస్టర్ ఆ తప్పు చేశాడు. ఇంగ్లండు గడ్డి కోర్టుల మీద సెమీ ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయిన మర్నాడు ఒక అమెరికా వ్యాపారి కాగితం ముందు పెడితే సంతకం చేశాడు. ఇక రాత్రికో ఊరు. ఒక ఊళ్ళో నాట్యశాల, ఇంకో ఊళ్ళో గుర్రాల సంత జరిగే షెడ్డు, మరో ఊళ్ళో మంచు మీద చెక్కలు పరిచి ఆ చెక్కల మీద గుడ్డ పరిచిన కోర్టు. ఆ బృందంలో ఒక ఛాంపియన్ ఉండేవాడు. ఆ ఛాంపియన్‌తో ఓడిపోవడమే లెస్టర్ ఉద్యోగం. ఊరికే ఓడిపోతే చాలదు, జనానికి గిట్టుబాటయ్యేలా కాసేపు పోరాడి ఓడిపోవాలి. రెండో ఏడాదికి కుడి భుజం పోయింది. ఓడిపోవడానికి కూడా పనికిరాడని ఇంటికి పంపేశారు.

భుజం సంగతి నాకొక్కదానికే తెలుసు. పొద్దున్నే చొక్కా నేనే తొడగాలి, తల నేనే దువ్వాలి. వాళ్ళింట్లో ఈ మాట అనొద్దని రైల్లో నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఇక ఆ కోర్టు. మా మామయ్య అంబ్రోస్ పాస్కో గొర్రెల మేతభూముల్లో గాలిమరలు బాగుచేసేవాడు. ఆ దేశంలో మైళ్ళకొద్దీ మనిషెత్తు చెదలపుట్టలుంటాయి. వాటిని గడ్డపారతో పగలగొట్టి, బండికెత్తి తెచ్చి, పొడిగొట్టి, జల్లించి, పరిచి, నీళ్ళు చల్లి, రోలర్ లాగితే గచ్చులా గట్టిపడుతుంది. లెస్టర్ పుట్టిన ఏడాది ఆయన ఇంటి వెనక అలాంటి కోర్టు వేశాడు. రోలర్ లాగడానికి పక్క భూముల మోజెస్ డాగెట్ రోజూ గుర్రాన్ని తోలుకొచ్చేవాడట. ఊరికి వేరే కోర్టు లేదు గనక అదే క్లబ్బు అయింది, మామయ్యే జిల్లా సంఘం కార్యదర్శి అయ్యాడు. చుట్టూ తీగల కంచె, దానికొక గేటు, గేటుకి తాళం. తాళంచెవి ఆయన నడుముకి వేలాడేది. రోజూ సాయంత్రం చల్లబడ్డాక రబ్బరు గొట్టం పట్టుకుని కోర్టంతా తడిపేవాడు. స్నానానికి నీళ్ళు కొలిచి పోసుకునే ఇంట్లో, కోర్టుకి మాత్రం కొలత లేదు.

మేమొచ్చిన మర్నాడే లెస్టర్ గేటు దగ్గరికి వెళ్ళాడు. మామయ్య అప్పటికే అక్కడ ఉన్నాడు.

"ఇది సంఘం కోర్టు, లెస్."

"నాన్నా, నేను బంతి కొట్టడానికి రాలేదు. కాళ్ళు పెట్టి చూద్దామని."

"కాళ్ళకీ చేతులకీ తేడా ఎవడు చూస్తాడు? నిన్న వచ్చావు, ఇవాళ కోర్టులో ఉన్నావంటే ఊరంతా నాలుగు మాటలనుకుంటుంది. నోలా సంగతి చూసుకోవాలి నేను."

లెస్టర్ వెనక్కి తిరిగాడు. నాకే ఒళ్ళు మండింది. అలాంటి నియమం ఏ పుస్తకంలోనూ లేదని లెస్టర్ తర్వాత చెప్పాడు. ఆడటం తప్పు గానీ నిలబడటం తప్పు కాదట. మామయ్య ఆ పుస్తకానికి తనవి నాలుగు కలుపుకుని బతికే మనిషి.

నోలా లెస్టర్ చెల్లెలు. పద్దెనిమిదేళ్ళది, తల్లి లేని పిల్ల, అన్నకంటే పొడగరి. అన్న ఫోటోలు కత్తిరించి పెట్టుకుంటూ పెరిగింది. జిల్లాలో ఆమెతో ఆడటానికి ఆడపిల్లలు మిగలక మగపిల్లలతో ఆడేది. జనవరి నెలాఖరున బ్రిస్బేన్‌లో ఎంపిక పోటీలు. ఎంపికైన ఇద్దరు అమ్మాయిలు మార్చిలో ఓడెక్కి ఇంగ్లండు వెళ్తారు. ఎంపిక కాకపోతే పోస్టాఫీసులో టెలిఫోన్ బోర్డు ముందు కూర్చునే ఉద్యోగం మామయ్య మాట్లాడి ఉంచాడు. ఆ రెండిటి మధ్యా ఆ పిల్లకి మూడో దారి లేదు.

"వదినా, ఆ బోర్డు చూశావా? మోకాళ్ళు కూడా చాపుకోవడానికి ఉండదు" అంది ఒకరోజు బఠానీలు ఒలుస్తూ. నవ్వుతూనే అంది గానీ గింజలన్నీ గిన్నె బయట పడేశాక చూసుకుంది.

ఆమె సర్వీసు బాగుండేది కాదు. లోపం లెస్టర్‌కి మొదటి రోజే కనిపించింది. గేటు లోపలికి వెళ్ళడానికి లేదు గనక కంచె బయట ఒక కిరసనాయిలు డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. మామయ్య కంచె వంక చూశాడు, డబ్బా వంక చూశాడు, ఏ నియమం కిందా రాదని తేల్చుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రోజూ పొద్దున ఎండెక్కేదాకా అదే పని. లోపల నోలా, బయట డబ్బా మీద లెస్టర్.

"బంతి ఎగరెయ్యడంలోనే తప్పుంది. వదిలేస్తున్నావు దాన్ని. వదలకు, పైన పెట్టు. అలమర మీద గిన్నె పెట్టినట్టు పెట్టు."

"పెడుతూనే ఉన్నాగా అన్నయ్యా."

"పెట్టట్లేదు, విసురుతున్నావు. గిన్నె పగిలింది. మళ్ళీ."

కుడిచేత్తో చూపించాలని అతని ఒళ్ళంతా కదిలేది, చేయి మాత్రం ఒళ్ళోంచి లేచేది కాదు. ఎడమచేత్తో గాలిలో గీసి చూపించేవాడు. అన్నయ్య ఎడమచేత్తో చూపిస్తే అద్దంలో చూసినట్టు తేలిగ్గా అర్థమవుతోందని నోలా ఒకరోజు నాతో మురిసిపోయింది. నేను పొయ్యి వైపు తిరిగాను.

జనవరిలో నోలా బ్రిస్బేన్ వెళ్ళి గెలిచి వచ్చింది. అందరికంటే గట్టి పేరున్న పిల్లని రెండుసార్లు ఓడించింది. తిరిగొచ్చిన సాయంత్రం మామయ్య తన పెళ్ళినాటి సీసా తీసి తలా గుక్కెడు పోశాడు. అంత పొగిడే మనిషి కాడు గనక, "సర్వీసు కుదిరింది" అన్నాడు కొడుకు వంక చూడకుండా. లెస్టర్‌కి అది చాలింది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో పాటలు వినిపించాయి. ఓడ ప్రయాణానికని నోలాకి నేనొక గౌను కుట్టడం మొదలుపెట్టాను. నీలం గుడ్డ, తెల్ల కాలరు. అంత సంతోషంగా నేను ఏ బట్టా కుట్టలేదు.

ఆ ఏడు వానలు రాలేదు. ఫిబ్రవరిలో గడ్డి అంటుకుంది. గాలి రెండు రోజులు ఒకే వైపు వీచింది, మూడో రోజు మంటని డాగెట్ వాళ్ళ భూముల మీదికి తిప్పింది. ఇల్లు పోయింది, కంచెలు పోయాయి, గొర్రెలు కంచెల దగ్గర పోగుపడి కాలిపోయాయి. మోజెస్ డాగెట్ గుర్రాలను విప్పడానికి వెనక్కి వెళ్ళాడు. గుర్రాలు బయటికి వచ్చాయి. ఆయన రాలేదు.

సమాధి చేసి వచ్చిన రోజు మామయ్య కోర్టులో రోలర్ మీద చేయి వేసి చాలాసేపు నిలబడ్డాడు. మొదటిసారి ఆయన్ని చూస్తే నాకు జాలేసింది.

ఆ ఆదివారం సారాయి కొట్టు గస్ హెఫర్నాన్ మా ఇంటికి వచ్చాడు. మంచివాడే గానీ నోరు ఆగదు. డాగెట్ భార్యాపిల్లల కోసం వచ్చే శనివారం ఊరంతా కలిసి ఆటల రోజు పెడుతున్నామని, కట్టెలు కొట్టే పందెం ఉందని, పరుగుపందెం ఉందని చెప్పాడు. టీ అంతా తాగి అసలు మాట అప్పుడు తీశాడు.

"జనం అడిగేది ఒక్కటే అంబ్రోసూ. లెస్టర్ ఒక్క సెట్టు ఆడితే చూడాలని. అమెరికా వాళ్ళు చూశారు, ఇంగ్లండు వాళ్ళు చూశారు. మేం పెంచిన పిల్లాడు, మేం చూడొద్దా?"

లెస్టర్ వెంటనే కుదరదన్నాడు. తనకి అవతల నిలబడినవాడికి ముప్పొస్తుందన్నాడు. గస్ తలాడించి టోపీ అందుకున్నాడు. అది అక్కడితో అయిపోవలసిన మాట.

"టికెట్టు పెడితే తప్పు" అన్నాడు మామయ్య.

ముగ్గురం ఆయన వంక చూశాం. ఆయన గోడ వంక చూస్తూ, సంఘం పుస్తకం అక్కడ తెరిచి ఉన్నట్టు, మెల్లగా చెప్పుకుపోయాడు. నియమంలో ఉన్నది ప్రవేశానికి డబ్బు తీసుకోవడం గురించి. గేటు బార్లా తీసి ఉంచితే ప్రవేశానికి డబ్బు లేనట్టే. ఆ ఊళ్ళో ఏ ఆపదొచ్చినా నలుగురు మనుషులు దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని మైదానం చుట్టూ తిరుగుతారు, జనం తోచింది అందులోకి విసురుతారు. మామయ్య పట్టుకున్నది ఆ దుప్పటినే.

"దుప్పట్లో వేసేది డాగెట్ వాళ్ళకి. ఆటకి వెల కాదు. అది ఏ నియమం కిందా రాదు."

"నాన్నా, బ్రిస్బేన్‌కి ఫోన్ చేసి ఒక మాట అడుగు" అన్నాడు లెస్టర్.

"పాతికేళ్ళుగా వాళ్ళకి నియమాలు నేను చెబుతున్నా. వాళ్ళు నాకు చెప్పేదేమిటి?"

"అవతల ఎవరాడతారు? ఎవడొస్తాడు?"

"నేనాడతా" అంది నోలా గుమ్మంలోంచి. ఆ పిల్ల మొహం చూస్తే కాదనడానికి ఎవరికీ నోరు రాదు. చిన్నప్పటి నుంచి కత్తిరించి పెట్టుకున్న ఫోటోలన్నీ ఆ మొహంలో కనిపించాయి. లెస్టర్ నా వంక చూశాడు. నేను భుజం సంగతి చెప్పేస్తానేమోనని భయపడ్డాడని నాకు తెలుసు. నేనూ నోరు విప్పలేదు, ఒట్టు వేశాను గనక.

మామయ్య ఆ నియమాన్ని ఎందుకు వంచాడో నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. డాగెట్ కోసం అన్నది నిజమే. కానీ కొడుకు పుట్టిన ఏడాది వేసిన కోర్టు మీద, పేరు తెచ్చుకున్నాక ఆ కొడుకు ఆడగా ఆయన ఒక్కసారీ చూడలేదు. ఇంత ఆశ కడుపులో పెట్టుకుని, దానికీ ఒక నియమం దొరికితే గానీ అడగలేకపోయాడు.

శనివారం ఎండ మండిపోతోంది. గేటు తాళం తీసి, రెక్క వెనక్కి నెట్టి, తీగతో కట్టేశాడు మామయ్య. లెస్టర్ లోపలికి వెళ్ళి, సున్నపు గీత మీద ఒక్క క్షణం ఆగి, బూటుతో మట్టిని అటూ ఇటూ రాశాడు. మామయ్య అంపైర్ నిచ్చెన ఎక్కి కూర్చున్నాడు. కంచె చుట్టూ ఊరు ఊరంతా. చెట్టు నీడలో మిసెస్ డాగెట్ నల్లగౌను వేసుకుని, ఎవరు వద్దన్నా వినకుండా, వచ్చినవాళ్ళకి తనే టీ పోస్తోంది.

మొదటి సర్వీసు లెస్టర్‌ది. నడుం ఎత్తులో బంతి వదిలి పక్కనుంచి కొట్టాడు. జనం నవ్వారు. గొప్పవాడు చెల్లెల్ని ఆటపట్టిస్తున్నాడనుకున్నారు. రెండోది కూడా అలాగే కొట్టాడు. మూడోదానికి నవ్వు తగ్గింది. నాలుగోదానికి ఎవరూ నవ్వలేదు.

నోలా నిలబడిపోయింది. అన్న చేయి వంక, అన్న మొహం వంక చూసింది. ఆ తర్వాత నుంచి ఆమె కొట్టే బంతి ప్రతిదీ మెత్తగా, ఎత్తుగా, అతని ముందరికే వచ్చి పడటం మొదలైంది. మూడు గేమ్‌లు అతనివయ్యాయి. జనం గట్టిగా చప్పట్లు కొట్టారు, కావాలని కొట్టారు. దుప్పటి కంచె చుట్టూ తిరుగుతోంది, చిల్లర గలగలమంటోంది.

వైపులు మారేటప్పుడు ఇద్దరూ అంపైర్ నిచ్చెన పక్కకి, నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డ చోటికి వచ్చారు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు లెస్టర్ మెల్లగా.

"ఆడుతున్నా."

"ఆడట్లేదు. రెండేళ్ళు ఈ పని డబ్బిచ్చి నా చేత చేయించారు నోలా, ఎలా ఉంటుందో నాకు తెలీదూ? నువ్వు నాకు ఊరికే చెయ్యకు. కొట్టు."

"అన్నయ్యా, ఊరంతా చూస్తోంది."

"అందుకే. కొట్టు."

నిచ్చెన మీద మామయ్య ఇవన్నీ విన్నాడు. స్కోరు చెప్పాల్సిన మనిషి చెప్పకుండా ఉండిపోతే, నోలా తలెత్తి ఆయన వంక చూసింది. అప్పుడు చెప్పాడు.

నోలా కొట్టింది. అలమర మీద గిన్నె పెట్టినట్టు బంతిని పైన పెట్టి కొట్టింది. తర్వాత ఆరు గేమ్‌లూ ఆమెవే. లెస్టర్ ప్రతి బంతికీ పరుగెత్తాడు. అందనివాటికి కూడా పరుగెత్తాడు. చివరి బంతి గీత అంచున పడింది. పుట్టమన్ను మీద బంతి ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది, అక్కడ మాయ చేయడానికి ఉండదు. మామయ్య నిచ్చెన మీంచి వంగి చూసి, "గేమ్ అండ్ సెట్, మిస్ పాస్కో" అన్నాడు. చప్పట్లు వెంటనే రాలేదు. మొదట కొట్టింది మిసెస్ డాగెట్, టీ కెటిల్ కింద పెట్టి.

ఆ సాయంత్రం లెస్టర్ అంత హాయిగా ఉండగా అమెరికా వెళ్ళినప్పటి నుంచి నేను చూడలేదు. నేను చొక్కా విప్పుతుంటే, "చూశావా దాని సర్వీసు? నాది అది. చేయి దానిది గానీ సర్వీసు నాదే" అన్నాడు. వంటింట్లో మామయ్య నోలాకి వేడినీళ్ళు కాచి ఇచ్చి, ఇంకో గిన్నెలో నీళ్ళు పోస్తూ, కొడుకు చేయి సంగతి నాకెప్పటి నుంచి తెలుసని నన్నడిగాడు. మొదటి నుంచీ తెలుసన్నాను. తలాడించి, గుడ్డ నీళ్ళలో ముంచి పిండి, ఆ గిన్నె పట్టుకుని లెస్టర్ గదిలోకి వెళ్ళాడు. తలుపు వేసుకున్నాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ ఒక్క రాత్రి ఆ ఇంట్లో అందరికీ నిద్ర పట్టింది.

గస్ హెఫర్నాన్‌కి మాత్రం సంతోషం ఆగలేదు. జిల్లా పేపరుకి ఫోన్ చేసి చెప్పేశాడు. ఇంగ్లండు వెళ్ళబోతున్న మన నోలా పాస్కో పేరుమోసిన ప్రొఫెషనల్‌ని ఓడించిందని పేపర్లో పడింది. నోలా ఓడిపోయి ఉంటే అది వార్తే కాదు, బిల్గారా దాటి ఎవరికీ తెలిసేది కాదు. గెలిచింది గనక బ్రిస్బేన్ పేపరు దాన్ని ఎత్తి వేసుకుంది. ఊరి గర్వమే మా కొంప ముంచింది.

ఆ వారం మధ్యలో ట్రంకు కాల్ వచ్చింది. భోజనాల వేళ. ఫోను వంటింటి గోడకి ఉండేది. మామయ్య నిలబడి మాట్లాడాడు, మేము ముగ్గురం బల్ల ముందు కూర్చుని ఆయన వైపు మాటలే విన్నాం.

"అవును, పాస్కోనే. ... అవును, ఆడింది. ... లేదండీ, టికెట్టు లేదు, గేటు బార్లా తీసి ఉంచాం."

అక్కడిదాకా గొంతు గట్టిగానే ఉంది. తర్వాత అవతలి మనిషి చాలాసేపు మాట్లాడాడు. మామయ్య వేలికి ఫోను తీగ చుట్టుకుంటూ విన్నాడు.

"దుప్పటి తిప్పాం" అన్నాడు.

అవతల్నించి ఇంకేదో అడిగారు. చిన్న ప్రశ్నే, చప్పున అయిపోయింది. మామయ్య నోలా వంక చూశాడు. ప్రవేశానికని ఉన్న నియమాన్ని రెండేళ్ళ కిందట మార్చారట. ఆట నడుస్తుండగా చూసేవాళ్ళ దగ్గర ఏ రకంగా వసూలు చేసినా వసూలే. ఆట అయ్యాక అయితే ఫరవాలేదు. ఆ మార్పు కాగితం మీద ఈయనకీ వచ్చే ఉంటుంది. అమెరికా వ్యాపారి కాగితం మీద కొడుకు సంతకం చేసిన రోజులవి. అప్పుడు ఆయన చాలా కాగితాలు విప్పకుండానే కట్టగట్టేశాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు వినపడింది ఇంతే.

"ఆట నడుస్తుండగానే తిప్పాం" అన్నాడు మామయ్య.

అయ్యాక తిప్పామని ఒక్క మాట చాలు. బ్రిస్బేన్‌లో కూర్చున్నవాడు వచ్చి చూడబోడు, ఊళ్ళో ఒక్క మనిషి నోరు విప్పబోడు. గస్ అయితే బైబిలు మీద చేయి వేసి మరీ అబద్ధం చెప్పేవాడు. మామయ్య ఫోను పెట్టేసి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. కంచంలో మాంసం చల్లబడింది.

"విచారణ అయ్యేదాకా ఆడకూడదట. విచారణ ఏప్రిల్లోనట" అన్నాడు.

ఓడ మార్చిలో. ఆ లెక్క ఎవరూ పైకి అనలేదు.

"సరే" అంది నోలా. లేచి, అందరి కంచాలూ తీసి, తొట్టిలో పెట్టి కడగడం మొదలుపెట్టింది. ఇంకా ఎవరూ తినడం పూర్తి చెయ్యలేదని ఆమె చూసుకోలేదు. మేమూ చెప్పలేదు.

మర్నాడు లెస్టర్ రైలెక్కి బ్రిస్బేన్ వెళ్ళాడు. తప్పంతా తనదని, చెల్లెల్ని బలవంతపెట్టి ఆడించానని చెప్పి కాళ్ళు పట్టుకునైనా ఒప్పిస్తానన్నాడు. ఉన్నదాంట్లో మంచి సూటు నేనే ఇస్త్రీ చేసి తొడిగాను. తిరిగొచ్చాక, మాట్లాడావా అని అడిగాను.

"మాట్లాడాను, గేటుతో" అన్నాడు. సంఘం ఆఫీసు పెద్ద క్లబ్బు లోపల ఉంటుంది. ప్రొఫెషనల్‌ని క్లబ్బులోకి రానివ్వరు. ఎవరైనా బయటికి వస్తారని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా రోడ్డు మీద నిలబడ్డాడట. పదేళ్ళ కిందట తను గెలిచిన కప్పు కిటికీలోంచి కనిపిస్తూనే ఉందట. ఇది చెప్పేటప్పుడు అతను నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆ సూటు విప్పుతూ ఏడ్చేశాను.

నోలా స్థానంలో, ఆమె రెండుసార్లు ఓడించిన పిల్లనే తీసుకున్నారు. నీలం గౌను అంచు కుట్టడం ఒక్కటే మిగిలింది. దాన్ని పూర్తి చెయ్యాలా, మడిచి పెట్టెయ్యాలా తెలియక కుట్టుమిషను మీదే ఉంచేశాను. నోలానే ఒక పొద్దున కూర్చుని అంచు కుట్టేసుకుని, అది వేసుకుని పోస్టాఫీసుకి ఉద్యోగంలో చేరడానికి వెళ్ళింది.

ఓడ బయలుదేరిన రోజు మాకందరికీ తెలుసు. ఆ సాయంత్రం నోలా పనినుంచి వచ్చేసరికి మామయ్య ఎప్పటిలాగే రబ్బరు గొట్టంతో కోర్టు తడుపుతున్నాడు. లెస్టర్ కంచె బయట డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. నేను ఆరిన బట్టలు తీస్తున్నాను. నోలా నీలం గౌనుతోనే లోపలికి వెళ్ళి తండ్రి ముందు నిలబడింది.

"ఒక్క అబద్ధం నాన్నా" అంది.

కోపంగా అనలేదు. అదే భయమేసింది నాకు. మామయ్య చేతిలో గొట్టం నుంచి నీళ్ళు ఆయన బూట్ల మీదే పడుతున్నాయి.

"నోట్లోకి రాలేదమ్మా" అన్నాడు. "వస్తుందనుకున్నాను. రాలేదు."

నోలా తలాడించింది. కుళాయి దగ్గరికి నడిచి వెళ్ళి కట్టేసింది. నీళ్ళు దండగ అని మాత్రం చెప్పి ఇంట్లోకి వెళ్ళిపోయింది. మామయ్య ఎండిపోయిన గొట్టం కింద పడేశాడు. తర్వాత నడుముకున్న తాళంచెవి విప్పి, గేటు తాళం తీసి, రెండూ కలిపి కంచె అవతలికి విసిరేశాడు.

"గేటు తీసేశాను లెస్. ఇక మూయను. రా" అన్నాడు.

లెస్టర్ డబ్బా మీంచి లేవలేదు.

"ఇక్కడ బాగానే ఉంది నాన్నా."

మేము మరి బిల్గారా వదల్లేదు. లెస్టర్ గోదాములో లెక్కలు చూసే పనిలో చేరాడు, ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. నోలా మీద వేటు ఏప్రిల్లో తీసేశారు. ఆమె మళ్ళీ రాకెట్ పట్టలేదు. మామయ్య కోర్టుకి మళ్ళీ నీళ్ళు పెట్టలేదు. మరుసటి వేసవికి కోర్టంతా పగుళ్ళిచ్చింది. నోలా నిలబడి సర్వీసు చేసే గీత మీద చెదలు పుట్ట లేచింది. మొదట పిడికిలంత, వానల తర్వాత మోకాలెత్తు. ఇంటి చుట్టూ మైళ్ళకొద్దీ పుట్టలు పగలగొట్టిన మనిషి రోజూ పొద్దున నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్తూ దాని పక్కనుంచే నడిచేవాడు. ఒకసారి నేనే గడ్డపార తీసుకెళ్ళాను. మామయ్య వచ్చి నా చేతిలోంచి గడ్డపార మెల్లగా తీసుకుని, కొట్టంలో రాకెట్ల సంచీ పక్కన పెట్టేసి వచ్చాడు.